జర్మనీలో తమ్ముడ్ని ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, యూరప్‌లో ఉద్యోగాల చట్టాలు మారిపోయాయంట నిజమేనా?

ఎండాడ అక్క:

అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, పొడుగైపోతే ఏమనుకోకండి.

మా తమ్ముడు 2023 సెప్టెంబర్‌లో జర్మనీ వెళ్ళాడు, బ్లూ కార్డ్ మీద, అంటే చదువుకున్న ఉద్యోగులకి యూరప్‌లో ఇచ్చే వర్క్ పర్మిట్. కార్ల పార్టులు చేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని, పేరు వద్దులెండి. మొన్న సోమవారం హెచ్ఆర్ వాళ్ళు పిలిచి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ, నీ పొజిషన్ ఎత్తేస్తున్నాం, గొడవలేం లేకుండా ఇద్దరం ఒప్పుకుని విడిపోదాం, రెండు నెలల జీతం ఇస్తాం, శుక్రవారం లోపు సంతకం పెట్టెయ్ అని ఐదు పేజీల కాగితం చేతిలో పెట్టారంట. మొత్తం జర్మన్‌లోనే ఉంది. వాడు మన టైం రాత్రి రెండింటికి ఫోన్ చేసి ఏడుపొక్కటే తక్కువ, అమ్మకి చెప్పొద్దక్కా అంటాడు. మధురవాడ ఫ్లాట్ లోను వాడి పేరు మీదే ఉంది, నెలనెలా ఈఎంఐ వాడి జీతం లోంచే వెళ్తుంది.

ఇదిలా ఉంటే మా పెదనాన్న గారబ్బాయి ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు, యూరప్ మొత్తం చట్టాలు మార్చేశారు, ఇకనుంచి రోజుకి 13 గంటలు పని, ఎప్పుడంటే అప్పుడు తీసెయ్యొచ్చు అని. అరగంట తర్వాత మా పిన్ని ఇంకోటి పెట్టింది, అందులో ఏమో యూరప్‌లో మొదటి రోజు నుంచీ ఎవర్నీ తియ్యడానికి లేదు అని. రెండూ ఒక్క గొంతే, ఒక్క మ్యూజిక్కే. ఏది నమ్మాలో అర్థం కావట్లేదు.

సంతకం పెట్టకపోతే బయటకి గెంటేస్తారా? వీసా ఏమౌద్ది? రెండు నెలల జీతం అంటే మంచి ఆఫరేనా, పోనీలే అని తీసుకోమనాలా? తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, శుక్రవారం ఎంతో దూరం లేదు.

తిరిగొచ్చిన బావ:

ముందు ఒకటే మాటమ్మా. సంతకం పెట్టొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. చెప్పి వచ్చి మిగతాది చదవండి.

నేను స్టుట్‌గార్ట్‌లో ఏడేళ్ళు చేసి 2024లో వచ్చేశా, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటున్నా. నాకూ సరిగ్గా ఇలాంటి కాగితమే ఇచ్చారు ఒకసారి. దాని పేరు ఔఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్. నోరు తిరక్కపోయినా పర్లేదు, అర్థం తెలిస్తే చాలు. అది వాళ్ళు తీసేసిన కాగితం కాదు, మీవాడే ఇష్టపడి వెళ్ళిపోతున్నట్టు రాసిచ్చే కాగితం. కాఫీ ఇచ్చింది అందుకే.

ఎందుకంటే జర్మనీలో తియ్యాలంటే దానికో తతంగం ఉంది. కంపెనీలో పదిమంది కంటే ఎక్కువుండి మనిషి చేరి ఆరు నెలలు దాటితే ఊరికే పొమ్మనడానికి లేదు, కారణం చూపించాలి. పని తగ్గింది అని తీస్తే, అదే పని చేసే వాళ్ళందరిలో ఎవర్ని తియ్యాలి అనేదానికీ లెక్కుంది, సర్వీసు ఎంత, వయసెంత, మీద పడి బతికేవాళ్ళు ఎంతమంది, వైకల్యం ఉందా, ఇవన్నీ చూడాలి. కంపెనీలో ఉద్యోగులు ఎన్నుకున్న కమిటీ ఉంటే, బెట్రీబ్స్‌రాట్ అంటారు, ప్రతి తీసివేతకి ముందూ వాళ్ళకి చెప్పి వాళ్ళ మాట వినాలి, అది చెయ్యకుండా ఇచ్చిన నోటీసు చెల్లదు. ఆ నోటీసు కూడా కాగితం మీద పెన్నుతో సంతకం పెట్టి చేతికి అందేలా ఇవ్వాలి. ఈమెయిల్ చెల్లదు, వాట్సాప్ చెల్లదు, స్కాన్ చేసిన పీడీఎఫ్ చెల్లదు. తమాషా ఏంటంటే 2025 జనవరి నుంచి ఉద్యోగం షరతుల పత్రం మాత్రం చాలా రంగాల్లో ఈమెయిల్‌లో ఇచ్చినా సరిపోద్దని మార్చారు. చేర్చుకోడానికి పీడీఎఫ్ చాలు, పంపించడానికి మాత్రం ఇంకు కావాలి!

మీవాడు ఆ ఐదు పేజీల మీద సంతకం పెట్టాడంటే ఈ తతంగం మొత్తం వాళ్ళకి తప్పిపోయినట్టే. పైగా ఇంకో దెబ్బ. ఉద్యోగం పోతే అక్కడ ప్రభుత్వం భృతి ఇస్తుంది, నెట్ జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67. గత 30 నెలల్లో 12 నెలలు నిరుద్యోగ బీమా చందా కట్టుంటే వస్తుంది, 24 నెలలు కట్టుంటే ఏడాది పాటు. కానీ నువ్వే ఒప్పుకుని మానేశావ్ అని తేలితే మామూలుగా 12 వారాలు ఆపేస్తారు, ఆపేసిన ఆ కాలం తర్వాత కలపరు, మొత్తం వచ్చే దాంట్లో కనీసం పావు వంతు పోద్ది. రెండు నెలల జీతం ఇస్తాం అంటున్నారు కదా, అటు మూడు నెలల భృతి ఎగిరిపోద్ది. లెక్క మీరే వేసుకోండి.

నేనేం చేశానంటే, మర్యాదగా ఒక మెయిల్ పెట్టా, కాగితం అందింది, చూపించుకోడానికి టైం కావాలి అని. అంతే. ఆకాశం ఏం ఊడిపడలేదు. అప్పుడు వాళ్ళు అసలు నోటీసే ఇచ్చారు, అది అందిన రోజు నుంచి మూడు వారాల్లో లేబర్ కోర్టులో కేసు వెయ్యాలి, ఒక్క రోజు దాటినా నోటీసు ఎంత తప్పుగా ఉన్నా సరైపోయినట్టే. నేను పద్దెనిమిదో రోజున వేశా. విచారణ దాకా వెళ్ళకుండానే రాజీకొచ్చారు, మొదట ఇస్తామన్న దానికి దగ్గర దగ్గర రెండింతలు ఇచ్చారు. అందరికీ అలాగే ఔద్దని చెప్పను. చట్టంలో డబ్బులు తప్పకుండా ఇవ్వాలని ఏం లేదు, చేసిన ఒక్కో ఏడాదికి సగం నెల జీతం అనేది బేరానికి మొదలు పెట్టే లెక్క, అంతే. ఇంకోటి, అక్కడ లేబర్ కోర్టు మొదటి మెట్టులో గెలిచినా ఎవరి లాయరు ఫీజు వాళ్ళదే, అది ముందే తెలుసుకుని దిగాలి. లాయరు లేకపోయినా కోర్టు కౌంటర్లో మన చేత చెప్పించుకుని కేసు రాసిపెట్టే గుమాస్తాలు ఉంటారు.

ఆటోనగర్ అన్న:

బావ గారూ మీరు చదువుకున్నోళ్ళు, మీకు కోర్టులూ కేసులూ ఔతాయి. నేను గాజువాక ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళ నుంచి ఫ్యాబ్రికేషన్ పని చేస్తన్నా, నేను చూసిందేటంటే తియ్యాలనుకున్నోడు ఎలాగైనా తీస్తాడు. చట్టం ఎప్పుడూ కాగితం మీదే ఉంటాది. మన రాష్ట్రంలో ఫ్యాక్టరీల్లో రోజుకి తొమ్మిది గంటలుండేది పది చేశారు 2025లో, ఎవడాపాడు. అక్కడ 13 అంటన్నారు, నేను కూడా చూశాను ఆ వీడియో. దేశం ఏదైనా పనోడి బతుకు ఒకటే. ఆ రెండు నెలల జీతం చేతిలో పడితే అదే లాభం అని నా మాట. ఏమనుకోకు చెల్లీ.

పేరోల్ పిల్ల:

అక్కా బావ గారు చెప్పింది అక్షరాలా కరెక్ట్, సంతకం వద్దు.

నేను రుషికొండ హిల్ మీద ఒక ఆఫీసులో యూరప్ దేశాల పేరోల్ చేస్తాను, నా టీం ఆరు దేశాలు చూస్తుంది, కాబట్టి ఈ చట్టాలు మారినప్పుడల్లా మాకు నిద్ర ఉండదు. ఆ రెండు వీడియోల సంగతి నేను చెప్తాను. రెండూ పూర్తి అబద్ధం కాదు, అదే సమస్య.

13 గంటలు అనేది గ్రీస్. యూరప్ మొత్తం కాదు, గ్రీస్ ఒక్కటే. 2025 అక్టోబర్‌లో అక్కడి పార్లమెంటు పాస్ చేసింది, ఒకే యజమాని దగ్గర ఒక రోజులో 13 గంటల వరకు పని చేయించుకోవచ్చు, కానీ ఉద్యోగి ఒప్పుకోవాలి, ఏడాదికి 37 రోజులకి మించకూడదు, ఎక్కువ గంటలకి 40 శాతం అదనంగా ఇవ్వాలి. దాని మీద అక్కడ సమ్మెలు కూడా జరిగాయి. మరి ఈ 13 అనే అంకె ఎక్కడ్నుంచి వచ్చింది అనుకుంటున్నారు? యూరోపియన్ యూనియన్ రూలు ఏంటంటే రోజుకి 11 గంటలు వరసగా విశ్రాంతి ఇవ్వాలి. 24 లోంచి 11 తీసేస్తే 13. అంటే గ్రీస్ వాళ్ళు గోడ దాకా వెళ్ళి గోడకి ముక్కు ఆనించి నిలబడ్డారు, గోడ దూకలేదు. వారానికి సగటున 48 గంటలు దాటకూడదు అనేది కూడా అలాగే ఉంది.

ఇక్కడ అందరూ పొరపడేది ఒకటుంది. యూరప్ చట్టం అంటూ ఒక్కటి లేదు. యూరోపియన్ యూనియన్ స్థాయిలో డైరెక్టివ్ అని ఒకటి చేస్తారు, ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదు అని నేల కొలత గీస్తారు, ఫలానా తేదీ లోపు మీ మీ దేశాల్లో చట్టం చేసుకోండి అంటారు. అప్పుడు ఒక్కో దేశం ఒక్కోలాగ, ఒకళ్ళు ముందు ఒకళ్ళు ఆలస్యంగా చేస్తారు. మన కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చి, రూల్స్ రాష్ట్రాలు కూడా రాసుకోవాలి అంది చూడండి, కొంచెం అలాంటిదే.

ఉదాహరణకి ఇప్పుడు మా ఫ్లోర్ మొత్తం మాట్లాడుకునేది జీతాల పారదర్శకత డైరెక్టివ్ గురించి. 2023లో చేశారు, 2026 జూన్ 7 లోపు దేశాలు చట్టంలో పెట్టాలి. ఇది విన్నాక నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంటర్వ్యూకి ముందే ఈ ఉద్యోగానికి జీతం ఎంతనుంచి ఎంత అని కంపెనీ చెప్పాలి. ఇంతకు ముందు నీకెంత వచ్చేది అని అడగకూడదు. అడగడమే తప్పు! ఇక్కడ మనకి ఫోన్‌లో రెండో మాటే లాస్ట్ సీటీసీ ఎంత, మూడు నెలల పేస్లిప్ పంపండి. నా జీతం నేను పక్కోళ్ళకి చెప్పకూడదు అని కాంట్రాక్టులో రాసినా అక్కడ చెల్లదు. నా పనే చేసే మగవాళ్ళకి సగటున ఎంత, ఆడవాళ్ళకి ఎంత అని ఉద్యోగి రాసి అడిగితే రెండు నెలల్లో చెప్పాలి. వందమంది దాటిన కంపెనీలు ఆడా మగా జీతాల తేడా రిపోర్టు ఇవ్వాలి, ఎక్కడైనా 5 శాతం పైన తేడా ఉండి కారణం చూపించలేకపోతే ఉద్యోగుల ప్రతినిధులతో కూర్చుని లెక్కలు తీయాలి. క్లయింటు వాళ్ళు ఇప్పుడు పదేళ్ళ గ్రేడ్లన్నీ మాచేత తిరగేయిస్తున్నారు. ఒకావిడకి అదే పనికి అదే సర్వీసుకి నెలకి నాలుగొందల యూరోలు తక్కువ ఉంది, ఎందుకు అని అడిగితే ఎవ్వరి దగ్గరా జవాబు లేదు, చేరినప్పుడు తక్కువ అడిగిందంట!

పోలండ్ వాళ్ళు ఇందులో ఉద్యోగాల ప్రకటనల ముక్క వరకు 2025 డిసెంబర్ 24 నుంచే పెట్టేశారు. ఆ డిసెంబర్ 24 కూడా 2025 నుంచే వాళ్ళకి జాతీయ సెలవు. మాకు నెలాఖరు పేరోల్ క్లోజింగ్ దగ్గర పడుతున్న టైం, అవతల ఫోనెత్తే నాథుడు లేడు. చెక్ వాళ్ళు 2025 జూన్ 1 నుంచి ప్రొబేషన్ మూడు నెలలు ఉండేది నాలుగు చేశారు, మేనేజర్లకైతే ఎనిమిది, నోటీసు కాలం కూడా నెల మొదటి తారీకు నుంచి కాకుండా కాగితం అందిన రోజు నుంచే లెక్క. అంటే అక్కడ కొంచెం కంపెనీ వైపు మొగ్గింది. స్పెయిన్‌లో వారానికి 40 గంటలు ఉన్నది 37న్నర చేద్దామని బిల్లు తెచ్చారు, 2025 సెప్టెంబర్‌లో పార్లమెంటులోనే పడిపోయింది. ఒక్కో దేశం ఒక్కో దిక్కుకి వెళ్తుంటే యూరప్ మారిపోయింది అని ఒక్క ముక్కలో ఎలా చెప్తారండి.

పిన్ని గారి వీడియో బహుశా యూకే గురించి అయ్యుంటది, అది యూనియన్‌లోనే లేదు. దాని గురించి అక్కడున్నవాళ్ళే చెప్పాలి.

గోపాలపట్నం టు లీడ్స్:

పిలిచారు వచ్చాను. అవును ఆ మొదటి రోజు అనేది మాదే. ఎన్నికల్లో లేబర్ పార్టీ మొదటి రోజు నుంచే అన్యాయంగా తీస్తే కేసు వేసే హక్కు ఇస్తాం అంది, బిల్లు ఇక్కడి పార్లమెంటు రెండు సభలు లార్డ్స్‌కీ కామన్స్‌కీ మధ్య తిరిగి తిరిగి చివరికి రాజీ పడ్డారు. 2025 డిసెంబర్ 18న చట్టం అయ్యింది, మొదటి రోజు కాదు, ఆరు నెలలు. అది కూడా 2027 జనవరి 1 నుంచి. అప్పటిదాకా రెండేళ్ళు సర్వీసు ఉంటేనే. వీడియో చేసినోడు 2024 నాటి హెడ్‌లైన్ పట్టుకుని ఉంటాడు.

ఒకటి మాత్రం నిజంగా పనికొచ్చేది, జ్వరం వస్తే ఇప్పటిదాకా మొదటి మూడు రోజులకి చట్టప్రకారం సిక్ పే లేదు, 2026 ఏప్రిల్ నుంచి మొదటి రోజు నుంచే, తక్కువ జీతం వాళ్ళకి కూడా. గోడౌన్‌లలో చేసే మనవాళ్ళకి ఇది పెద్ద విషయం, నేను ముక్కు కారుతూ షిఫ్టుకి వెళ్ళిన రోజులున్నాయి.

కానీ వీసా మీద ఉన్నోడికి ఈ హక్కులు అన్నీ ఒక ఎత్తు, వీసా ఒక్కటీ ఒక ఎత్తు. 2025 జూలై 22 నుంచి స్కిల్డ్ వర్కర్‌కి జీతం 41,700 పౌండ్లు ఉండాలి మామూలుగా, కేర్ వర్కర్లని బయటి దేశాల్నుంచి తీసుకోవడం అదే రోజు నుంచి ఆపేశారు. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల టైం ఇస్తారు. ఆ అరవై రోజుల్లో ట్రిబ్యునల్‌కి వెళ్తావా స్పాన్సర్‌ని వెతుక్కుంటావా? ఆటోనగర్ అన్న అన్నదాంట్లో ఆ మేరకు నిజం ఉంది.

ఎండాడ అక్క:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. తమ్ముడికి ఇవన్నీ పంపించాను, సంతకం పెట్టలేదు, బావ గారు చెప్పినట్టే మెయిల్ పెట్టాడు. వాళ్ళు ఇంకో వారం టైం ఇచ్చారు, నమ్మండి, అడగ్గానే ఇచ్చారు.

ఆటోనగర్ అన్నయ్యా నేనేమీ అనుకోలేదు, మా నాన్నగారు ఉండి ఉంటే ఆయనా ఆ మాటే అనేవారు.

వీసా సంగతే భయంగా ఉంది. లీడ్స్ తమ్ముడు 60 రోజులు అన్నాడు, జర్మనీలో కూడా అంతేనా? వాడికి ఇప్పటికి 29 నెలలు అయ్యింది.

తిరిగొచ్చిన బావ:

29 నెలలా! ముందే చెప్పొద్దామ్మా.

అక్కడ కథ వేరు. బ్లూ కార్డ్ మీద ఉద్యోగం పోతే ఆ రోజే కార్డు పోదు. యూరప్ డైరెక్టివ్ ప్రకారం రెండేళ్ళ లోపు వాళ్ళకి మూడు నెలల వరకు, రెండేళ్ళు దాటినవాళ్ళకి ఆరు నెలల వరకు ఖాళీగా ఉన్నారన్న కారణంతో కార్డు వెనక్కి తీసుకోకూడదు. ఉద్యోగం అయిపోయిందని రెండు వారాల్లో ఫారినర్స్ ఆఫీసుకి చెప్పాలి, ఇది మనవాళ్ళు భయంతో దాస్తారు, దాయకూడదు. కంపెనీ ఎలాగూ చెప్తుంది. మొదటి ఏడాది దాటింది కాబట్టి కొత్త కంపెనీకి మారడానికి ఆ ఆఫీసు అనుమతి అక్కర్లేదు, 2023 నవంబర్‌లో ఈ రూలు తేలిక చేశారు.

అసలు విషయం ఇంకోటి. బ్లూ కార్డ్ వాళ్ళకి 27 నెలలు ఉద్యోగం చేసి పెన్షన్ చందా కట్టుంటే, జర్మన్ భాషలో మొదటి మెట్టు, ఏ1 ఉంటే చాలు, శాశ్వత నివాసం కార్డుకి అర్హత. ఇంకొంచెం పై మెట్టు బీ1 ఉంటే 21 నెలలకే. ఆ 27 అనేది 2023 నవంబర్‌కి ముందు 33 నెలలు ఉండేది. అది వచ్చిందంటే ఇక ఉద్యోగానికీ వీసాకీ ముడి ఉండదు. మీవాడు రెండు నెలల క్రితమే అప్లై చేసుండాల్సింది. మనవాళ్ళందరూ ఇంతే, ఆఫీసు పని ఆఫీసు పని అని కూర్చుని తమ కాగితాలు తాము చూసుకోరు, నేనూ అలాగే ఏడాది పోగొట్టుకున్నా. ఇంకా జీతం వస్తున్నప్పుడే వెళ్ళి అప్లికేషన్ పెట్టమనండి. పరిస్థితి ఏంటో అబద్ధం చెప్పకుండా, ఇమిగ్రేషన్ లాయర్ని ఒక గంట కన్సల్ట్ చేసి పెట్టమనండి. ఆ గంట ఫీజు దండగ అనుకోవద్దు.

నోటీసు చేతికొస్తే మూడు రోజుల్లో అక్కడి ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలి, ఆన్‌లైన్‌లో ఔద్ది. లేట్ చేస్తే ఒక వారం భృతి కోస్తారు.

నైట్ డ్యూటీ సిస్టర్:

నేను కూడా జర్మనీలోనే ఉన్నానండి, బవేరియాలో చిన్న ఊరు, వృద్ధాశ్రమంలో నర్సుని. ఊరు సింహాచలం. ఇప్పుడే డ్యూటీ దిగి చదివాను.

ఐటీ వాళ్ళకి చుట్టూ పది మంది తెలుగువాళ్ళుంటారు, చెప్పేవాళ్ళుంటారు. మాకు ఏజెన్సీ చెప్పిందే వేదం. నా కాంట్రాక్టులో మూడేళ్ళ లోపు మానేస్తే భాష ట్రైనింగ్ ఖర్చు, టికెట్ ఖర్చు మొత్తం కట్టాలి అని ఉంది, నేను అది చూసి రెండేళ్ళు నోరెత్తలేదు, వారాంతాల్లో వరసగా డ్యూటీలు వేసినా. తర్వాత తెలిసింది అలాంటి షరతులు అన్నీ చెల్లుతాయని ఏం లేదు, ఎలా రాశారు అన్నదాన్ని బట్టి కోర్టు చాలావాటిని కొట్టేస్తుంది అని. చెప్పింది ఎవరంటే ఫైరె ఇంటెగ్రాట్సియోన్ అని ఒక సలహా కేంద్రం, ఉచితం, బయటి దేశాల్నుంచి వచ్చిన పనివాళ్ళ కోసమే. 2026 జనవరి 1 నుంచి, విదేశాల్నుంచి మనిషిని తెచ్చుకున్న యజమాని మొదటి పని రోజుకల్లా ఇలాంటి కేంద్రం ఉంది, ఇదీ దగ్గర్లోని అడ్రస్ అని రాతపూర్వకంగా చెప్పి తీరాలని చట్టం వచ్చింది. నేను వచ్చినప్పుడు ఇది ఉండుంటే ఎంత బాగుండేదో. అక్కా మీ తమ్ముడు కూడా అక్కడికి వెళ్ళొచ్చు, లేబర్ చట్టం విషయాలు వాళ్ళు చూస్తారు.

వైజాగ్‌లో ఇప్పుడు నర్సింగ్ చేసి జర్మన్ నేర్చుకుంటున్న చెల్లెళ్ళు ఎవరైనా చదువుతుంటే, క్వాలిఫైడ్ నర్సుకి వృద్ధాశ్రమాల్లో కనీసం గంటకి 20.50 యూరోలు, 2025 జూలై నుంచి. అంతకంటే తక్కువ రాసిన ఆఫర్ లెటర్ అయితే ఎందుకు అని అడగండి. ఒంట్లో బాలేకపోతే ఆరు వారాల దాకా పూర్తి జీతం యజమానే ఇవ్వాలి. మా అమ్మకి ఇప్పటికీ నమ్మకం లేదు, జలుబు చేసింది సెలవు పెట్టానమ్మా అంటే జీతం కోస్తారేమో వెళ్ళిపోవే అంటుంది.

ఆటోనగర్ అన్న:

ఇంత తెలిసినోళ్ళు ఉన్నారు కాబట్టి నాదొకటి అడుగుతాను. మా పెద్దోడు బెర్లిన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. రాత్రిపూట సైకిలు మీద తిండి డెలివరీ చేస్తన్నాడు. యాప్ పెద్ద కంపెనీదే గానీ డబ్బులిచ్చేది మధ్యలో ఇంకెవడో, చేతికే ఇస్తాడంట, పేస్లిప్ లేదు. పోయిన నెల యాప్ ఎకౌంటు ఉన్నట్టుండి ఆగిపోయింది, ఎందుకంటే కంప్యూటర్ ఆపేసింది మాకు తెలీదు అన్నాడంట. రెండు వారాల కూలి పోయింది. నేను చలిలో ఎందుకురా మానెయ్ అంటే వినడు. నేను పంపేది సరిపోదు, అదీ వాడికి తెలుసు. దీనికేమైనా చట్టం ఉందా, లేకపోతే ఇదీ కాగితం మీదేనా?

పేరోల్ పిల్ల:

బాబాయ్ గారూ దీనికి సరిగ్గా ఒకటి వస్తోంది. ప్లాట్‌ఫాం పని డైరెక్టివ్ అని 2024లో చేశారు, 2026 డిసెంబర్ 2 లోపు అన్ని దేశాలూ చట్టం చెయ్యాలి. పని చేసే తీరు చూస్తే యాప్ పెత్తనం కనిపిస్తోంది అంటే మనిషిని ఉద్యోగి అనే అనుకోవాలి, కాదని నిరూపించే బరువు కంపెనీది. ఎకౌంటు ఆపడం, తీసెయ్యడం కంప్యూటర్‌కి వదిలేయకూడదు, మనిషి నిర్ణయించాలి, కారణం రాసివ్వాలి. మధ్యలో కాంట్రాక్టర్ ఉన్నా ఆ పనివాడికి అవే రక్షణలు దక్కేలా చూడమంది. స్పెయిన్‌లో డెలివరీ వాళ్ళు ఉద్యోగులే అని 2021లోనే చట్టం చేశారు.

అది వచ్చేలోపు కూడా మీ అబ్బాయికి ఉన్నవి ఉన్నాయి. జర్మనీ కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకి 13.90 యూరోలు, 2027 నుంచి 14.60, ఇలాంటి పార్ట్ టైం చేసే స్టూడెంట్లకి కూడా ఇదే. పేస్లిప్ ఇవ్వాలి. ఒకటి జాగ్రత్త, స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం లెక్కలో పని చెయ్యాలంటే విడిగా అనుమతి కావాలి. ఆ మధ్యవాడు మీవాడ్ని కాగితాల్లో ఫ్రీలాన్సర్ అని చూపిస్తున్నాడేమో కనుక్కోండి, చూపిస్తుంటే ఇరుక్కునేది మీవాడే. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు అనే పరిమితి కూడా ఉంది, 2024 మార్చిలో పెంచారు. ఏ రోజు ఎన్ని గంటలు చేశాడో నోట్‌బుక్‌లో రాసుకోమనండి, యాప్ స్క్రీన్‌షాట్లు దాచుకోమనండి. ముందు ఇది చెయ్యమనండి. తర్వాత సిస్టర్ చెప్పిన కేంద్రానికి.

ఆటోనగర్ అన్న:

సరేనమ్మా. ఈ రాత్రి ఫోన్ చేస్తాను. రాసుకోడం ఒకటి నాకూ తెలుసు, ఓటీ గంటలు డైరీలో రాసుకోబట్టే నాకు ఒకసారి బకాయి వచ్చింది. వాడికి అది చెప్పాలని తట్టలేదు.

ఎండాడ అక్క:

అప్‌డేట్ పెడుతున్నా. తమ్ముడి కంపెనీలో కమిటీ ఉందంట, రెండున్నరేళ్ళుగా అదే ఫ్లోర్‌లో ఉంటూ వీడికి తెలీదు, క్యాంటీన్ పక్క గదే. అందులో ఒకావిడ కాగితం చదివి, నీ పేరు మీద తీసివేత గురించి మాకు ఇప్పటిదాకా ఏ కబురూ రాలేదు, ఇది సంతకం పెట్టకు, పెడితే మేమూ ఏం చెయ్యలేం అందంట. లేబర్ లాయరు అపాయింట్‌మెంట్ మంగళవారం దొరికింది. నోటీసు అయితే ఇంకా రాలేదు, వస్తుందేమో తెలీదు, కానీ వాడు నిన్న రాత్రి మామూలు టైంకే పడుకున్నాడు.

శాశ్వత నివాసం అప్లికేషన్ మొదలుపెట్టాడు. ఏ1 పరీక్ష వెళ్ళే ముందు ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుని రాశాడు, ఆ ఒరిజినల్ సర్టిఫికెట్ ఇక్కడే బీరువాలో ఎల్ఐసీ కాగితాల మధ్య ఉండిపోయింది. అమ్మ గుడికెళ్ళినప్పుడు తీద్దామనుకున్నా, తీస్తుంటే వచ్చేసింది, ఆడి కాగితం ఎందుకే అంది. కార్డు రెన్యువల్‌కి అన్నాను. ఏమీ అనలేదు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపు తడిసిపోద్ది అని వెళ్ళిపోయింది.

ఒరిజినలే కావాలంటున్నాడు. జర్మనీకి డాక్యుమెంట్లు ఈ మధ్య ఎవరైనా కొరియర్ చేశారా, ఎన్ని రోజులు పడుతోంది, స్పీడ్ పోస్ట్ నమ్మొచ్చా?

తిరిగొచ్చిన బావ:

మా తోడల్లుడు వచ్చే ఆదివారం ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్నాడు. శనివారం సాయంత్రం లోపు ఎంవీపీ రైతుబజార్ దగ్గరకి తెచ్చివ్వండి, మెసేజ్ పెడుతున్నా. రెండు జిరాక్సులు తీసి మీ దగ్గరుంచుకోండి.